పైరుకాపునకు స్లగ్గుతూటా తగినదేనా?

పైరును మేసిపోవు దుప్పులను, జింకలను, అడవిపందులను ఆపుటకై సంఘముతరఫున లైసెన్సు తుపాకులను సంపాదించి, వానికి స్లగ్గుతూటాలు తెప్పించి సభ్యులకు ఇప్పింపవలెనను మాట మన రైతులలో కొందరినోట వినబడుచున్నది. రవ్వతూటా జంతువును గాయపఱచి విడుచుననియు, స్లగ్గు ఒక్కదెబ్బతో పడగొట్టుననియు, అమెరికాదేశమున ఎందఱో దానితోనే దుప్పులను కొట్టుదురనియు వారి వాదము. దీనిని వట్టిమాటగా త్రోసివేయుట న్యాయము కాదు. రాత్రియంతయు మంచెపై మేలుకొని, వేకువజామున కన్నంటిన గడియలోనే అరయెకరము జొన్న నేలపాలైనది చూచిన రైతు కడుపుమంట మాకు తెలియనిది కాదు. కావున ఈ తూటా చేయగలదేమి, చేయలేనిదేమి, మన పొలములకు అది తగునా తగదా అను సంగతిని సావధానముగ విచారింతము.

మొదట వస్తువును ఎఱుగుదము. మన ప్రాంతమున వాడుకలోనున్న పన్నెండుబోరు తుపాకి నున్నని గొట్టముగలది. ఒక పౌను సీసముతో పండ్రెండు సమానమైన గుండ్లు చేసినయెడల, అందొక గుండు పట్టు గొట్టమునకే పన్నెండుబోరని పేరు. దాని లోపలి వ్యాసము సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇందులో సాధారణముగ వాడునది రవ్వతూటా. పెద్దజంతువులకు ఎల్జీ, ఎస్జీ అను లావురవ్వ తూటాలను వాడుట కలదు. స్లగ్గన్ననో రవ్వ కాదు. గొట్టమునకు సరిపోవునట్లు పోతపోసిన ఒక్కటే సీసపుముద్ద. జర్మనీలో విల్‌హెల్మ్ బ్రెన్నెకె 1898లో ఒకవిధమైన స్లగ్గును కల్పించెను. అమెరికాలో కార్ల్ ఫాస్టరు 1931లో మఱియొక విధమును చేసెను. ఫాస్టరు స్లగ్గు వెనుకవైపు గుల్లగను, ముందువైపు బరువుగను ఉండును. కావున అది గిరగిర తిరుగకయే మొన ముందై పోవును. దీనికి ముందు మనదేశమున వేటకాండ్రు వట్టి గుండ్రని సీసపుగుండును, 1885లో కర్నల్ ఫాస్బెరీ కనిపెట్టిన పారడాక్సు తుపాకిని వాడిరి. పారడాక్సున గొట్టపుకొనయందు మాత్రము కొన్ని అంగుళములమేర మెలిక గాడులుండును. ఆ కారణమున రవ్వను, గుండును రెంటిని కాల్చుటకు వీలయ్యెను. నున్నగొట్టమునుండి ఒంటిగుండును గుఱికి పంపుట ఎంత కష్టమో ఆనాటివారికి తెలిసియే ఇట్టి యుపాయములు పన్నిరి.

ఇక దాని బలము. ఒక ఔన్సు, అనగా 28 గ్రాముల స్లగ్గు గొట్టము విడుచునప్పుడు సెకనునకు సుమారు 475 మీటర్ల వేగముతో పోవును. దగ్గఱనుండి రొమ్మున తగిలినయెడల దుప్పి బ్రతుకుట అరుదు. రవ్వతో పోల్చినప్పుడు స్లగ్గు మేలనుటయు నిజమే. ఎస్జీరవ్వ దూరము పోయినకొలది విచ్చిపోవును. గజమునకు సుమారు అంగుళముచొప్పున వెడల్పగునని లెక్కింతురు. నలువది గజములలో మూడడుగులకు మించి చెదరిన గింజలలో ఒకటి రెండు మాత్రమే జంతువునకు తగిలి, అది కడుపులో సీసముతో అడవికి పోయి దినముల తరబడి బాధపడి చచ్చును. ఇంతవరకు స్లగ్గు పక్షమువారు చెప్పునది మేమును ఒప్పుకొందుము.

అయితే ఆ బలము ఎంతదూరము నిలుచును? స్లగ్గు మొద్దువస్తువు, గాలి దానిని వేగముగ ఆపును. నూఱు గజములు పోవునప్పటికి దాని వేగము సెకనునకు 300 మీటర్ల ప్రాంతమునకు దిగును; దెబ్బబలములో సగముకంటె ఎక్కువ నశించును. ఏబదిగజములకు గుఱి సరిచేసికొన్న తుపాకి నూఱుగజములలో అయిదాఱంగుళములు క్రిందుగ కొట్టును. దుప్పికి ప్రాణస్థానము ముంగాలి వెనుక జానెడు మేర మాత్రమే. పూసవంటి మొనగుఱుతు తప్ప వేఱు గుఱిసాధనము లేని నున్నగొట్టపు తుపాకితో ఆ జానెడును తప్పక కొట్టగల దూరము, అభ్యాసము గలవానికిని ఏబది మొదలు డెబ్బదియైదు గజములకు మించదు. గాడులుగల ప్రత్యేకపు గొట్టము, దుర్భిణి, తొడుగుగల స్లగ్గు ఉన్నయెడల ఈ దూరము నూఱు గజములు దాటును. కాని అట్టి గొట్టము మన నున్నగొట్టపు తుపాకి కాదు. దానికి లైసెన్సు లెక్కయు వేఱు.

గొట్టపుకొనను గూర్చియు ఒకమాట. రవ్వ చెదరకుండుటకై అనేక తుపాకులకు కొనయందు ఇఱుకు చేయుదురు. దీనిని చోకు అందురు. ఫాస్టరు స్లగ్గు నొక్కుకొని దాటునట్లు చేయబడినది కాని, గొట్టమంత లావుగల గుండ్రని గుండును ఇఱుకుగొట్టమున కాల్చుట తుపాకికిని, కాల్చువానికిని ప్రమాదము. తాతలనాటి తుపాకి గొట్టము ఎట్టిదో తెలియక చేతికి దొరకిన గుండును కూరువారు ఈ మాట మఱువరాదు.

ఇప్పుడు ఈ కొలతలను మన పొలమునకు అన్వయించి చూడుడు. దుప్పి వచ్చునది పగటివేళ కాదు. ప్రొద్దుగూకిన పిదపనో, తెల్లవాఱకముందో వచ్చును. టార్చిలైటు వెలుగులో కనబడునవి రెండు కన్నులు. ఆ కన్నులు దుప్పివో, పొరుగువాని దూడవో, నీరు కట్టుటకు వచ్చిన మనిషివెంట నడచు కుక్కవో అను నిర్ణయము క్షణములో చేయవలెను. ఎత్తైన జొన్నలోను, మొక్కజొన్నలోను ఏబదిగజముల దూరము కంటికి తెరపియే యుండదు. గుఱి కుదిరి గుండెకు తగిలినను దుప్పి ఒక్కొక్కప్పుడు ఏబది నూఱుగజములు పరుగెత్తి పడును; చీకటిలో ఆ నెత్తుటిజాడ వెదకువారెవరు? గుఱి తప్పిన స్లగ్గు ఎచ్చటికి పోవును? అది పావుమైలునకు మించియు పోగలదు. మన నేల దక్కనుపీఠభూమి; ఎచ్చట చూచినను గట్టిరాతి గుండ్లు, బోడులు. రాతికి తగిలిన సీసము దిక్కు మార్చుకొని ఎగురును. మీ పొలము వెనుక పొరుగువాని మంచె, బోరుమోటారు కొట్టము, బాట, ఇటీవల వెలసిన ఇండ్లవరుస లేనిచోటు ఎంతయున్నది? జీడిమెట్ల, దూలపల్లి, మేడ్చల్ ప్రాంతములవారికి ఇది బాగుగ తెలియును. ఒకప్పుడు చేలును, చెఱువులును ఉన్నచోట నేడు కార్ఖానాలు, కాలనీలు. మిగిలిన చేలకు నాలుగుదిక్కుల మనుష్యులే.

అమెరికాదృష్టాంతమును గూర్చి మన మిత్రులు ఒక సంగతి విడుచుచున్నారు. అచ్చట ఒహాయో మొదలగు సమతల రాష్ట్రములలో చిరకాలము స్లగ్గునే విధించినది అది శ్రేష్ఠమైన ఆయుధమని కాదు. జనసాంద్రతగల వ్యవసాయభూములలో రైఫిలుగుండు దూరము పోవునను భయముచేత. ఆ విశ్వాసమును సయితము అచ్చటివారే పరీక్షించిరి. పెన్సిల్వేనియా శాసనసభవారికి 2007లో సమర్పింపబడిన పరిశోధనలో, తుపాకిని సమతలముగ పట్టి కాల్చినప్పుడు నేలకు తగిలి ఎగిరిన స్లగ్గు రైఫిలుగుండుకంటె దూరము పోవచ్చునని తేలినది. ఒహాయో రాష్ట్రము 2014 నుండి దుప్పివేటకు కొన్ని రైఫిలుతూటాలను అనుమతించినది. మఱియు అచ్చటి వేట పగటివేళ, ఋతునియమముతో, లైసెన్సుతో, ఇన్ని జంతువులే యను లెక్కతో జరుగును. మనము వారి తూటాను మాత్రము తెచ్చుకొని, వారి నియమములను అచ్చటనే విడిచివచ్చుట వివేకము కాదు.

మనకును ఒకప్పుడు అట్టి నియమములుండెను. వన్యప్రాణి సంరక్షణచట్టము 1972లో చేయబడినప్పుడు లైసెన్సుపై వేటకు చోటుండెను. ఆ నియమములలో, పెద్దవేటజంతువులను రైఫిలుతో తప్ప కొట్టరాదనియు, షాటుగన్నునకు ప్రత్యేకానుమతి కావలెననియు, ప్రొద్దుగూకినది మొదలు ప్రొద్దుపొడుచువఱకు వేటాడరాదనియు, కృత్రిమదీపములు వాడరాదనియు వ్రాయబడెను. వేటకాండ్రను ప్రోత్సహించిన దినములలోనే నున్నగొట్టమును, రాత్రిని, దీపమును చట్టము శంకించినదన్నమాట. 1991లో సవరణ వచ్చి ఈ లైసెన్సువేటయే రద్దయ్యెను.

నేటి చట్టము స్పష్టము. 9వ సెక్షను వేటను నిషేధించుచున్నది. 11వ సెక్షను కొన్ని సడలింపుల నిచ్చినది. రెండవ షెడ్యూలులో చేరిన అడవిపందివంటి జంతువు మనుష్యప్రాణమునకుగాని, నిలిచియున్న పైరుతో సహా ఆస్తికిగాని అపాయకరమైనప్పుడు, ముఖ్య వన్యప్రాణిసంరక్షకుడో, ఆయన అధికారమిచ్చిన యుద్యోగియో కారణములు వ్రాసి అనుమతి నీయవచ్చును. ప్రథమ షెడ్యూలులోని కృష్ణజింకకు ఆ దారియు లేదు. పైరు మేసెనను కారణముచే దానిని చంపుటకు ఎవరును అనుమతి నీయజాలరు. ప్రథమ షెడ్యూలు జంతువును చంపినవానికి మూడేండ్లకు తక్కువకాని, ఏడేండ్లవఱకు పోదగిన ఖైదు. 2022 సవరణ తరువాత జుల్మానా 25,000 రూపాయలకు తక్కువ కాదు. తక్కిన నేరములకు మూడేండ్ల ఖైదుగాని, లక్షరూపాయల వఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఆత్మరక్షణకై సద్బుద్ధితో చంపినది నేరము కాదు. కాని పైరురక్షణ ఆత్మరక్షణ కాదు.

ఆయుధచట్టము 1959లో పైరుకాపునకై నాటుతుపాకికిని, రక్షణకై ఇరువది అంగుళములకు తక్కువకాని నున్నగొట్టపు తుపాకికిని లైసెన్సు ఇచ్చు ఏర్పాటున్నది. దీనిని చూపి, పైరుకాపు లైసెన్సున్నది గనుక దుప్పిని కొట్టవచ్చునని కొందఱు తలంతురు. అది పొరపాటు. తుపాకి దగ్గఱ నుంచుకొనుటకు ఇచ్చిన సెలవు వేఱు, వన్యమృగమును చంపుటకు ఇచ్చిన సెలవు వేఱు. మొదటిదున్నచో రెండవది దానంతట రాదు.

చట్టమును ప్రక్కనుంచి లాభనష్టములే చూతము. గుంపులో ఒక దుప్పి పడినయెడల మిగిలినవి నాలుగురాత్రులు బెదరి అయిదవరాత్రి మరల వచ్చును. లేదా పొరుగుచేనికి పోవును. పొరుగువాడును మన సంఘసభ్యుడే. ఒకని నష్టమును మఱియొకని గట్టుమీదికి త్రోయుట సహకారము కానేరదు. బీహారురాష్ట్రమున 2016 జూను మాసమున, కేంద్రప్రభుత్వపు అనుమతితో, మొకామాప్రాంతములో రెండువందలకు పైగా మనుబోతులను కాల్పించిరి. హైదరాబాదునుండి వెళ్లిన గురికాండ్రే ఆ పనిచేసిరి. నిపుణులు, ప్రభుత్వము, ప్రకటన, ఇన్ని కూడినచోటనే అది దేశమంతట వివాదమయ్యెను. రాత్రివేళ ఒంటిగా మంచెమీద కూర్చున్న రైతు చేతి స్లగ్గు అంతకంటె ఏమి సాధించును?

జంతువులు ఏల వచ్చుచున్నవో కూడ ఆలోచింపవలెను. వనస్థలిపురమునందలి మహావీర హరిణవనస్థలి నిజాముల వేటభూమి. 1975లో అది జింకల కాపునకై ప్రత్యేకింపబడి, 1994లో జాతీయవనమయ్యెను. కావున కృష్ణజింక ఈ నగరపుటంచున నిన్న వచ్చినది కాదు. మనమే దాని బయలును దున్నితిమి, కట్టితిమి. 2025లో కంచ గచ్చిబౌలియందు నాలుగువందల యెకరముల చెట్లపొదలను యంత్రములతో తొలగింప మొదలిడినప్పుడు, ఏప్రిలు 3వ తేదీన సుప్రీముకోర్టు ఆ పనిని ఆపించెను. ఆశ్రయము పోయిన జింక ఎచ్చటికో పోవలెను గదా. నారాయణపేట జిల్లాలో కృష్ణానదిప్రక్క మండలములలో కృష్ణజింకలగుంపులు పైరులను పాడుచేయుట రైతులకు పెద్దబాధగా నున్నది. జింకను రాష్ట్రజంతువుగా ఎంచుకొన్న ప్రభుత్వము, దానిని పోషించు భారమును చేని యజమానిపైననే విడుచుట న్యాయము కాదు. ఈ మాట మనము గట్టిగ అనవలెను. తుపాకితో కాదు, తీర్మానముతో అనవలెను.

తుపాకి దొరకనివారు మఱియొక దుర్మార్గము పట్టుచున్నారు. కరెంటుస్తంభమునుండి నేరుగ తీగలాగి చేనిచుట్టు కట్టుట అది. ఇది పంది, దుప్పి, ఎద్దు, మనిషి అను భేద మెఱుగదు. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా అడవులలో గాలింపునకు వెళ్లిన గ్రేహౌండ్సు జవాను ఒకడు ఇట్టి తీగ తగిలి మరణించెను. వేకువను నీరుకట్ట వచ్చిన తోడిరైతులు చనిపోయిన వార్తలు ఏటేట వినుచున్నాము. గంపెడు కంకులకు ఒక మనుష్యప్రాణము ఖరీదు కారాదు. తీగ కట్టువానిని ఎఱిగియు ఊరకుండు ఇరుగుపొరుగుల మౌనము కూడ ఆ మరణములో పాలుపంచుకొనునని మా యభిప్రాయము.

మఱి చేయదగినదేమి? సంఘము తెప్పింపవలసినది తూటాలు కాదు, కంచె. సౌరశక్తితో నడచు కంచెయంత్రము బ్యాటరీనుండి వేలవోల్టుల దెబ్బను సెకనునకు ఒకసారి, సెకనులో అత్యల్పభాగముమాత్రము, తీగలోనికి పంపును. తగిలిన జంతువు ఉలికిపడి తొలగును, చావదు. స్తంభపుకరెంటునకును దీనికిని గల భేదము చంపుటకును చఱచుటకును గల భేదము. కాని యంత్రము ప్రమాణముద్రగలదై యుండవలెను. ఇంట చేసిన పరికరమును తీగకు తగిలింపరాదు. పందికి క్రిందితీగ నేలకు జానెడు ఎత్తులో నుండవలెను. దుప్పి, జింక ఆఱడుగులు సయితము దుముకగలవు గనుక వానికి కంచె ఏడెనిమిది అడుగులుండుట మంచిది. గడ్డి పెరిగి తీగను తాకినయెడల దెబ్బ తగ్గును. కావున వారమునకొకసారి గట్టు శుభ్రపఱచుట తప్పదు.

ఖర్చుకు వెఱచువారు ఈ చిన్నలెక్కను చూడవలెను. చతురస్రమైన ఒక యెకరమునకు చుట్టుకొలత సుమారు 835 అడుగులు. అట్టి ఇరువదియైదు యెకరములను ఒకటిగా చేర్చి చుట్టు కట్టినయెడల మొత్తము 4,174 అడుగులు. అనగా యెకరమునకు 167 అడుగులు మాత్రమే. ఒంటిగా కట్టుకొనువాడు అయిదురెట్లు తీగ కొనవలెను. పైగా యంత్రము, బ్యాటరీ, పలక ఇరువదియైదింటికి బదులు ఒకటో రెండో చాలును. సహకారమనగా నీతివాక్యము కాదు, ఈ అంకగణితమే. గట్టు తగాదాలను ఒక పంటకాలము ప్రక్కనుంచగలిగిన ఇరువదిమంది రైతులు, నూఱు తుపాకులు చేయలేని పనిని చేయగలరు.

కంచె వచ్చులోపల పైరుతోనే పైరును కాచుకొను పద్ధతులున్నవి. రాజేంద్రనగరులో పక్షులు, జంతువుల బెడదపై పనిచేయు వ్యవసాయ పరిశోధకులు వేరుసెనగ చుట్టు ముండ్లకుసుమను వరుసలుగా వేయుమనియు, మొక్కజొన్నచుట్టు ఆముదము వేయుమనియు చెప్పుదురు. కుసుమముండ్లు పంది మూతికి గ్రుచ్చుకొనును. ఆముదపు వాసన పైరువాసనను కప్పును. ఆ వరుసల పంటయు రైతుదే. ఇవి పందికి పనిచేసినంతగ, గట్టు దుమికివచ్చు జింకకు పనిచేయవు. జింక తిరుగుచోట కంచెయే దిక్కు. ఏ ఉపాయమైనను జంతువునకు నాలుగుదినములలో అలవాటుపడును. దీపము, డబ్బా, దిష్టిబొమ్మల చోటు మార్చుచుండవలెను. ఊరంతయు వంతులవారీగ కావలి యుంచినయెడల ఒక్కనికి పదిరాత్రుల నిద్ర మిగులును.

నష్టము జరిగినపుడు నోరుమూసికొనుట మన రైతుల పెద్దలోపము. తెల్లవాఱగనే అడుగుజాడలతో, విఱిగిన పైరుతో ఛాయాచిత్రములు తీసి, సర్వేనంబరు, తేదీ వ్రాసి, అటవీ, వ్యవసాయశాఖలవారికి అర్జీ నీయవలెను. వన్యమృగములవలని పంటనష్టమును పంటల భీమా పథకములో చేర్చుదుమని కేంద్రప్రభుత్వము 2025 నవంబరులో ప్రకటించినది. నష్టమును 72 గంటలలోపల ఛాయాచిత్రములతో తెలుపవలెనని అందు నియమము. ఈ రాష్ట్రమున, మీ పైరునకు అది వర్తించు విధమును వ్యవసాయాధికారివద్ద ముందే కనుగొనుడు. అడవిపందుల బెడద మితిమీరినచోట, అనుమతిపొందిన గురికాండ్రను పంపుమని గ్రామపంచాయతి ద్వారా అటవీశాఖను అడుగు హక్కు మీకున్నది. కాల్చవలసినప్పుడు కాల్చువాడు అభ్యాసముగలవాడు, కాగితముగలవాడు, జవాబు చెప్పువాడు కావలెను.

రైతుసోదరులారా, స్లగ్గుతూటా చెడ్డవస్తువని మేము చెప్పలేదు. ఏబదిగజముల లోపల, పట్టపగలు, వెనుక మట్టిదిబ్బగల చోట, చట్టము సెలవిచ్చిన జంతువుపై, నేర్పరిచేతిలో అది తనపని తాను చేయును. ఈ అయిదింటిలో ఒక్కటియైనను మన రాత్రికాపులో లేదు. రాబోవు సర్వసభ్యసమావేశమున తూటాల ప్రతిపాదన వచ్చినయెడల దానిని నిరాకరించి, ఉమ్మడికంచెకు వాటాధనము, గట్టుగట్టుకు చేరిక, కంచె శుభ్రతకు వంతులు, అక్రమపుతీగలను తొలగించు గడువు, ఈ నాలుగింటిని తీర్మానింపుడని కోరుచున్నాము. విత్తనముల పంపకము మొదలుకాకముందే ఏ గట్టువారు ఏ గట్టువారితో కలియుదురో పట్టీ వ్రాసి కార్యదర్శికి ఇచ్చినయెడల, ఈ పంటకే పని మొదలుపెట్టవచ్చును.